నారుమడి నోటీసు చదవదు

మా మేనకోడలు తాడేపల్లిగూడెంలో తన ఇంట్లో కూర్చుని, ఎక్కడెక్కడి దేశాల్లోనో నడుస్తున్న ఒక సాఫ్ట్‌వేరులోంచి పాత భాగాలు తీసేసే పని చేస్తుంది. ఆ ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గానీ నేను చెప్పుకునేది ఇలా. మా చెల్లెలు మాత్రం చుట్టాలతో "మా అమ్మాయి వర్చువలైజేషన్‌లో ఉందండి" అంటుంది. విన్నవాళ్ళు తల ఊపి, పెళ్ళి సంగతి అడుగుతారు.

నేను ఏలూరులో ఉంటాను. ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటరుగా చేసి రిటైరయ్యాను. వీలున్న ఆదివారం పాసింజరెక్కి గూడెం వెళ్ళి, చెల్లెలి చేతి దిబ్బరొట్టె తిని, సాయంత్రం బండికి తిరిగి వస్తాను. ఊడ్పులకి ముందు రోజుల్లో అలా వెళ్ళినప్పుడు అమ్మాయి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆదివారం కూడా ఏమిటని అడిగాను.

"ఈసారి పాతవాటికి ముహూర్తం పెట్టాలి మావయ్యా. ఏవేవి తియ్యాలో నన్నే తేల్చమన్నారు."

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పింది. ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేరు అది. లోపలున్న దానికి తను ఉత్తుత్తి కంప్యూటరునని తెలియదు. తనకీ ఒక మదర్‌బోర్డు ఉందని, ఒక డిస్కు ఉందని నమ్మి పనిచేసుకుపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఉత్తుత్తి కంప్యూటరు నమూనాలు మారుతూ వచ్చాయి. ఒక్కో నమూనాకి ఒక్కో నంబరు.

"పాత నమూనా మీద పుట్టిన మిషన్ని ఇప్పుడు లేపినా, పుట్టినప్పటి సామానే దాని కళ్ళకి కనబడాలి. లేకపోతే కంగారుపడుద్ది. అందుకని పాతవన్నీ మోసుకొస్తన్నాం. ఒక్కోదానికి ఒక్కో వంకర. ఆ వంకరలన్నీ అలాగే ఉంచాలి, ప్రతిసారీ పరీక్ష పెట్టాలి. వాటిల్లో ఎక్కడో కన్నం ఉంటే దొంగ దూరతాడు. కాపలా ఎవరు కాస్తారు?"

"ఒక్కసారిగా తీసేస్తారా?"

"అబ్బే. ముందు పాతబడిందని చెప్తాం. డిప్రికేట్ చెయ్యడం అంటారు. ఆ మిషను లేపినప్పుడల్లా ఒక హెచ్చరిక వస్తుంది. కొన్ని వెర్షన్లపాటు అలా చెప్పి చెప్పి, అప్పుడు తీసేస్తాం. వాడేవాళ్ళకి బోలెడంత టైమిస్తాం."

నేను ఆ అమ్మాయి వైపే ఉన్నాను. పాతదల్లా బంగారమనే మనిషిని కాను. సీసపు అక్షరాలు మూటకట్టి అమ్మేసిన రోజున డెస్కులో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం ఇక గోళ్ళకింద మసి ఉండదని సంతోషించాను. పనికిరానిది పోవాలి. లేకపోతే కొత్తదానికి కాలు పెట్టుకునే చోటుండదు. అదే మాట అన్నాను. మేనకోడలు నవ్వి, మళ్ళీ తెరవైపు తిరిగి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మావయ్యా, టీచరుగారి ప్రెస్సులో నేను పెట్టిన మిషనే ఇంకా నడుస్తోందా?"

"నిన్న కూడా దాని మీదే ప్రూఫ్ తీశారు."

ఆ అమ్మాయి తెర మీద నంబర్ల జాబితా పైకీ కిందికీ తిప్పింది. దిబ్బరొట్టె ముక్క చేతిలోనే చల్లారిపోయింది.

ఆ ప్రెస్సు సంగతి చెప్పాలి. ఏలూరు పవర్‌పేట స్టేషను దగ్గర ఒక సందులో ఉంటుంది. దాని యజమాని మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త నడిపిన ప్రెస్సును ఆయన పోయాక తనే నడుపుతున్నారు. సందంతా ఆవిణ్ణి టీచరుగారనే అంటుంది. రిటైరయ్యాక నేను మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళి ప్రూఫులు దిద్దుతుంటాను. నేను ఏనాడూ ఎడిటర్ని కాలేదు. అయినా టీచరుగారు నన్ను ఎడిటరుగారూ అనే పిలుస్తారు. అది గౌరవమో ఎత్తిపొడుపో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

శుభలేఖలు, జ్ఞాపకార్థ కూటాల కార్డులు, చేపల సొసైటీల నోటీసులు అక్కడ పడుతూనే ఉంటాయి. కానీ ప్రెస్సును నిలబెట్టేది ఒక పాటల పుస్తకం. కొల్లేటి లంక గ్రామాల మందిరాల్లో పాడుకునే పాటలవి. పెద్ద పాటల పుస్తకాల్లో దొరకవు. పడవ మీద పాడేవి, నాట్లలో పాడేవి, వాటిల్లోంచి మందిరంలోకి నడిచొచ్చినవి. ప్రతి క్రిస్మస్ ముందూ కొత్త పాటలు కొన్ని చేర్చి, పాతవాటిలో తప్పులు దిద్ది మళ్ళీ వేస్తారు. ఆ పాటలన్నీ టీచరుగారి భర్త తన చేత్తో కంపోజు చేసినవి. ఆ పని పోతే విజయవాడ పెద్ద ప్రెస్సులు తన్నుకుపోతాయి. అప్పుడు సందులో ఈ తలుపు తెరిచి ఉంచడానికి కారణం మిగలదు.

పాటలు కంపోజు చేసిన తెలుగు సాఫ్ట్‌వేరు చాలా పాతది. దాని అక్షరాలు ఇంకెక్కడా తెరుచుకోవు. ఆ సాఫ్ట్‌వేరుండే కంప్యూటరు ఒకసారి కాలిపోయింది. అప్పటికి మా మేనకోడలు గూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. డిస్కు బతికే ఉందని చూసి, దాన్ని ఎత్తి కొత్త కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరుగా నిలబెట్టింది. అంటే ఇప్పుడు తను పనిచేస్తున్న సాఫ్ట్‌వేరు లోపలే. చచ్చిన మిషను లేచి కూర్చోవడం చూసి టీచరుగారు ఆ అమ్మాయికి ఆ ఏడు పాటల పుస్తకం ఒకటి ఇచ్చారు. మాది వేరే గుడి దారి. అయినా మా చెల్లెలు ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో ఒక పక్కన పెట్టింది.

ఆ పైవారం మేనకోడలు ఏలూరు వచ్చింది. స్టేషనులో దిగి తిన్నగా ప్రెస్సుకే నడిచాం. టీచరుగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూశారు.

"మా డాక్టరుగారొచ్చారే. ఏవమ్మా, మిషనుకి జ్వరమేమీ లేదు. నువ్వెందుకొచ్చావు?"

"ఒకసారి చూస్తానండి టీచరుగారూ."

ఆపరేటరు లేచి కుర్చీ ఇచ్చాడు. పెదపాడు నుంచి రోజూ సైకిలు మీద వచ్చే యాభయ్యేళ్ళ మనిషి. మేనకోడలు ఏవో రెండు మీటలు నొక్కింది. తెలుగు పేజీ వెనకనుంచి ఒక నల్లటి కిటికీ బయటికొచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒకటే వాక్యం, మళ్ళీ మళ్ళీ, అడుగుదాకా. ఈ మిషను నమూనా పాతబడింది, ముందు రాబోయే వెర్షనులో తీసేయబడుతుంది, అని.

"ఇది ఎన్నాళ్ళనుంచి వస్తోంది?" అన్నాను.

"కొన్ని వెర్షన్లనుంచి. మిషను లేపినప్పుడల్లా, పేజీ వెనకాల."

ఆపరేటరు వంగి చూశాడు. "నేనెప్పుడూ చూళ్ళేదండి. ఇదెక్కడుందండి ఇన్నాళ్ళూ?"

జవాబు చెప్పింది టీచరుగారు.

"నల్ల కిటికీ ఏమిటమ్మా, చావు కబురులా ఉంది, తీసెయ్యి అన్నాను నేను. ఈ అమ్మాయి దాన్ని వెనకాల దాచింది. మిషను పెట్టిన రోజున. ఇంతకీ అందులో ఏం రాసుంది ఎడిటరుగారూ?"

చదివి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకున్నారు.

"ఎవరు తీసేసేది?"

"మేమేనండి," అంది మేనకోడలు.

"పెట్టింది నువ్వు. తీసేది నువ్వు. మధ్యలో నాకు చెప్పాలనిపించలేదా తల్లీ?"

"చెప్పామండి. ఇదిగో, ఇదే చెప్పడం."

"నువ్వు రాసిన ఉత్తరం నువ్వే దాచిపెట్టి, అందిందా అని నన్ను అడుగుతున్నావు."

ఆపరేటరు నవ్వు దాచుకోవడానికి కాగితాల బొత్తి సర్దాడు. మేనకోడలు కూడా నవ్వబోయి మానేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఆ అమ్మాయి చేతనైనదంతా చేసింది. పాత నంబరు తీసి కొత్త నంబరు వేసి మిషన్ని లేపింది. లేచింది. కానీ తెలుగు సాఫ్ట్‌వేరు తెరవబోతే, ఇది నన్ను అమ్మిన మిషను కాదు అని మొండికేసింది. ఏ బోర్డు మీద కొన్నారో ఆ బోర్డు కనబడితేనే తెరుచుకునేలా దాన్ని అమ్మినవాళ్ళు తాళం వేశారట. పాత నంబరు ఆ బోర్డు వేషమే వేస్తుంది, కొత్త నంబరు వెయ్యదు. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"మా ఆయన బిల్లు కట్టి కొన్నారండి ఇది," అన్నారు టీచరుగారు. "కంపెనీ పోయింది గానీ కంపెనీ తాళం మాత్రం బతికుందన్నమాట."

పాటల్ని కొత్త అక్షరాల్లోకి మార్చే పద్ధతి ఒకటుంది. దాన్నీ ప్రయత్నించింది. వచ్చాయి గానీ వత్తులు చెదిరిపోయి, పాదాలు ఒకదాని మీద ఒకటెక్కి వచ్చాయి. మొత్తం మళ్ళీ కూర్చుని, పాట పాటా పాడుకుంటూ దిద్దాలి.

"ఈ సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను వేసుకోకుండా వదిలేస్తే?" అని నేనే అడిగాను.

"వదిలెయ్యచ్చు మావయ్యా. నెట్ వైరు పీకేసి మూల కూర్చోబెట్టచ్చు. ఈ డబ్బా కాలిపోయేదాకా. ఆ తరవాత కొత్త డబ్బా మీద ఇది లేవదు. అప్పుడు నేనొచ్చినా చెయ్యగలిగేది ఉండదు."

టీచరుగారు చాలాసేపు ఆ నల్ల కిటికీనే చూశారు. తరవాత అన్నారు. "నేను సరే అనను. మీరు తీసుకుంటే తీసుకోండి. నా చేత మాత్రం సరే అనిపించకండి."

సాయంత్రం బండికి అమ్మాయిని దింపడానికి స్టేషనుకి వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాక ఒక పాత సంగతి చెప్పాను.

నేను విలేకరిగా తిరిగే రోజుల్లో పెదపాడు అవతల, కొల్లేటి వైపు ఒక తగువు వచ్చింది. పైన ఒకాయన చేపల చెరువు. కింద ఇంకొకాయన నారుమడి. చెరువు ఖాళీ చేస్తే నీళ్ళు బోదెలో పడి నారుమడి పక్కనుంచే పోవాలి. ఆ చుట్టుపక్కల ఒక కట్టు, అంటే ఊళ్ళవాళ్ళ కట్టుబాటు, ఉంది. తూము ఎత్తేముందు చెరువాయన కిందివాళ్ళ ఇంటికి స్వయంగా నడిచి వెళ్ళాలి. వెళ్ళి, నీళ్ళు వదులుతున్నానని చెప్పకూడదు. మీ నారు ఎప్పుడు తీస్తారని అడగాలి. కిందివాడు ఒక రోజు చెబుతాడు. ఆ రోజుదాకా తూము ఎత్తరు. ఆ రోజు దాటితే మాత్రం నారు తీసినా తియ్యకపోయినా నీళ్ళది తప్పు కాదు. ఈ చెరువాయన కొత్తగా వచ్చినవాడు. పంచాయతీ ఆఫీసు బోర్డుకి ఒక కాగితం అంటించి తూము ఎత్తేశాడు. మడి మునిగింది. తగువులో ఆయన అన్న మాట ఒకటే: "నోటీసు అంటించానండి." అక్కడున్న ఒక ముసలాయన చుట్ట తీసి అన్నాడు: "నారుమడికి చదువు రాదు బాబూ."

"మీరు ఆ వార్త రాశారా?" అంది మేనకోడలు.

"రాశాను. ముసలాయన మాట డెస్కులో కొట్టేశారు."

అమ్మాయి నవ్వింది గానీ ఒప్పుకోలేదు. వాదించడంలో వాళ్ళ అమ్మ పోలిక.

"మావయ్యా, ఆ చెరువాయనకి కింద ఎవరి మడి ఉందో తెలుసు. మాకు తెలీదు. ఎవరైనా తీసుకుని వాడుకునే సాఫ్ట్‌వేరు మాది. ఎవరి గుమ్మంలోకి వెళ్ళమంటారు?"

"తెలీకపోతే తెలుసుకునేదాకా తూము ఎత్తకూడదు."

"అలా కూర్చుంటే నీళ్ళు పాడై పై చెరువులో చేప తేలిపోద్ది. అది మీకు అక్కర్లేదా? వంకరలు మోసేది మేము. దొంగ దూరితే తిట్లు పడేది మాకు."

 నిజమే, చేపలూ ప్రాణులే. కానీ పత్రికలో ఉన్నన్నాళ్ళూ నోటీసులనేవి ఎలా పుడతాయో చూశాను. భూమి తీసుకునే నోటీసు, రోడ్డు వేసే నోటీసు, వేలం నోటీసు. చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరూ తిప్పని పేజీలో పెడతారు. చెప్పడం కోసం కాదు. చెప్పామని రేపు చూపించుకోవడం కోసం. ఆ రెంటికీ ఉన్న తేడా మీద నేను ఎవరితోనైనా దెబ్బలాడతాను, మేనకోడలైనా సరే. అదే అన్నాను.

"కట్టు పూర్తిగా వినలేదు నువ్వు. కిందివాడు వద్దు అనడానికి లేదు. ఎప్పుడో చెప్పాలి. గడువు కిందివాడి నోటినుంచి రావాలి. అంతే."

బండి వచ్చింది. ఎక్కి, తలుపు దగ్గర నిలబడి అడిగింది. "టీచరుగారు చెప్తారంటారా?"

"అడిగి చూడు. నోటీసు చూపించకు."

అడగడానికి మేనకోడలు రెండో రోజే మళ్ళీ వచ్చింది. ఈసారి కంప్యూటరు ముందు కూర్చోలేదు. టీచరుగారి బల్ల ముందు నిలబడింది.

"టీచరుగారూ, మీ నారు ఎప్పుడు తీస్తారండి?"

ఆవిడ నావైపు చూశారు. "ఇది మీ పనేనా ఎడిటరుగారూ?" ఆవిడ పుట్టిందీ కొల్లేటి పక్కనే. ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకి చెప్పక్కర్లేదు. లేచి గోడ మీది క్యాలెండరు తిప్పి చూశారు.

"ఈ క్రిస్మస్‌కి పాతదాని మీదే వేస్తాను. అది మారదు. పై క్రిస్మస్‌కి కొత్తదాని మీద వేస్తాను. ఎలా వేస్తానో మీకు అనవసరం. ఆ పుస్తకం మందిరాలకి చేరాక మీ ఇష్టం. ఒక్కరోజు ముందు తూము ఎత్తారా, నేను గూడెం వచ్చి మీ ఇంటి ముందు కూర్చుంటాను."

"రండి, అమ్మ దిబ్బరొట్టె చేస్తుంది," అంది మేనకోడలు.

"దిబ్బరొట్టె తింటూనే కూర్చుంటాను."

తరవాతి వారం వాళ్ళ మీటింగు జరిగిన సాయంత్రం నేను గూడెంలోనే ఉన్నాను. పక్కగదిలో కూర్చున్నాను గానీ తలుపు తెరిచే ఉంది. ఇంగ్లీషులో జరిగింది. బెంగళూరులో ఉండే తన పై ఆఫీసరు మొదట నవ్వాడు. చిన్న ఊళ్ళో ఒక ప్రెస్సు కోసం మొత్తం ప్రపంచాన్ని ఆపమంటావా అన్నాడు. మా అమ్మాయి గొంతు పెంచలేదు. గోదావరి జిల్లాల్లో గొంతు పెంచడం చేతకానివాళ్ళ పని. తన మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇవి: నేను ఉంచమనడం లేదు. తీసేద్దాం, తియ్యాల్సిందే. ఆ హెచ్చరికను తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని, అది కనబడాల్సిన కిటికీని ఎప్పుడో నా చేతులతోనే ఒక ప్రెస్సులో దాచిపెట్టాను, అక్కడ ఎవరికీ తెలియలేదు. మనం ఎవరికి చెప్పాం? రాసి పెట్టాం, అంతే. ఎప్పుడు ఖాళీ చెయ్యగలరని ఎవర్నైనా అడిగామా?

అవతల ఇంకెవరో, వేరే దేశం మనిషి, అడిగితే అందరూ ఎప్పటికీ వద్దంటారని అన్నాడు. మేనకోడలు చెప్పింది: వద్దనే హక్కు ఇవ్వొద్దు, రోజు చెప్పే హక్కు ఇవ్వండి. చెప్పిన రోజు దాటితే తీసేసే బాధ్యత నాది, తిట్లు కూడా నావే.

వాళ్ళు సగమే ఒప్పుకున్నారు. ఈ సాఫ్ట్‌వేరును పంచేవాళ్ళందరికీ, వాళ్ళ ద్వారా వాడేవాళ్ళకీ ఉత్తరాలు వెళ్ళాయి. హెచ్చరిక కాదు, ప్రశ్న. మీ దగ్గర ఈ పాత నమూనా మీద ఏం నడుస్తోంది, ఎప్పటికి మార్చుకోగలరు, అని. జవాబులు వస్తున్నప్పుడు అమ్మాయి నాకు ఫోనులో చదివి వినిపించేది. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో లోహం కోసే మిషను. ఎక్కడో ఒక ప్రయోగశాలలో, తయారీదారు చచ్చిపోయిన పరికరం. ఎవరో ఒకాయన మూడు ముక్కల్లో తిట్టి, అడుగున మాత్రం ఒక తేదీ రాశాడట. ఎక్కువమంది అడిగిన గడువు, వాళ్ళు భయపడినంత పొడుగ్గా లేదు. కొందరైతే, ఇది ఇంకా మా దగ్గర నడుస్తోందని మాకే తెలియదు, తీసెయ్యండి, అన్నారు. మేనకోడలి పై ఆఫీసరుకి ఆ జవాబులు నచ్చాయి. తీసే వెర్షను వెనక్కి జరిగింది. ఆ తరవాత ఇక జరగదని కూడా రాశారు. ఆ వాక్యం మేనకోడలే పట్టుబట్టి రాయించింది. రోజు దాటాక తూము ఎత్తే హక్కు చెరువాయనకీ ఉండాలి కదా.

ఆ క్రిస్మస్‌కి పాతదాని మీదే వేశాక, ఇక మా పని మొదలైంది. మార్చిన పాటలు ఆపరేటరు ముద్రించి నా ముందు పెట్టేవాడు. పక్కన పాత పుస్తకం పెట్టుకుని దిద్దేవాణ్ణి. కళ్ళతో దిద్దితే చాలదని త్వరలోనే తెలిసింది. ఈ పాటల్లో చాలావాటికి వ్యాకరణం పాడేవాళ్ళ గొంతులో ఉంది. నేను తప్పనుకుని దిద్దినవాటిని టీచరుగారు మళ్ళీ తిరగరాసేవారు.

"అది తప్పు కాదండి ఎడిటరుగారూ. అక్కడ పడవ తిరుగుతుంది, దాంతోపాటు పాటా తిరుగుతుంది. పాడి చూడండి."

"నాకు పాడటం రాదండి."

"అయితే దిద్దడం కూడా రాదు."

ఆవిడ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ పాడేవారు. కాగితాలు కత్తిరించే మిషను ఆపి ఆపరేటరు గొంతు కలిపేవాడు. పని ఆలస్యమయ్యేది. శుభలేఖకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి పాట అయ్యేదాకా ఆగేవారు. ఒకతను నాతో, ఇది ప్రెస్సాండీ మందిరమాండీ అని అడిగాడు. ఆ రోజుల్లో నాకూ సరిగ్గా తెలియదు.

మరుసటి ఏడు వానాకాలంలో టీచరుగారు మంచాన పడ్డారు. పుస్తకం సగంలో ఉంది. మేనకోడలు ఫోను చేసి, కావాలంటే ఇంకో వెర్షను ఆపమని అడుగుతాను, ఒకసారి గొడవపడితే సరిపోతుంది, అంది. ఆ కబురు నేను ఆవిడ మంచం దగ్గరకి మోసుకెళ్ళాను. ఆవిడ లేచి కూర్చున్నారు. జ్వరంలో ఉన్న మనిషికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నేనేమైనా అడిగానా? రోజు చెప్పింది నేను. మళ్ళీ దాన్ని జరపమని నా తరఫున ఎవరూ అడగక్కర్లేదు. ఆ అమ్మాయికి చెప్పండి, లెక్కల టీచరు ఒకసారి వేసిన లెక్క మళ్ళీ చెరపదని."

అప్పటినుంచి మంచం మీదే ప్రూఫులు చూశారు. దుప్పటి మీద కాగితాలు పరుచుకుని, గొంతు లేకపోతే వేలితో తాళం వేసి చూపించేవారు. అక్కడ పడవ తిరుగుతుందని నాకు అప్పటికి వేలిని బట్టే తెలిసిపోయేది.

క్రిస్మస్ ఇంకా రావలసి ఉండగానే పుస్తకం పూర్తయింది. కొత్త అక్షరాలు, కొత్త మిషను, కొత్త పాటలు. లంకల నుంచి వచ్చిన పాస్టరుగారొకరు పుస్తకం తిప్పి, అక్షరం కొంచెం లావైందేమిటండీ అన్నారు. ముసలివాళ్ళకి బాగుంటుందని టీచరుగారు అన్నారు. కట్టలు ఆటో ఎక్కించి పంపారు. మరో రెండు మందిరాలవాళ్ళు ఇంకా రావాలి.

వాళ్ళూ పట్టుకెళ్ళిన కొన్నాళ్ళకి మేము ప్రెస్సులో టీ తాగుతుండగా గూడెం నుంచి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టాను.

"మావయ్యా, ఇవాళ తీసేశాం. నేనే తీశాను. నా చేత్తోనే. టీచరుగారు ఉన్నారా?"

"ఉన్నాను, చెప్పు."

"మీరు సరే అనకపోయినా తీసేశానండి."

"సరే అనలేదు, అనను కూడా," అన్నారు టీచరుగారు. "గడువు మీరు పెట్టలేదు తల్లీ, నేను పెట్టాను. మీ రికార్డులో అలా రాసుకోండి."

"అలాగే రాశానండి. వాడుకునేవాళ్ళు చెప్పిన గడువు ప్రకారం తీసేశాం అని. ఇంగ్లీషులో."

"ఎంత అక్షరాల్లో?"

"అందరూ చదివేంత పెద్ద అక్షరాల్లోనండి."

ఆవిడ నవ్వారు. చాలా నెలల తరవాత ఆవిడ అలా నవ్వడం విన్నాను. ఫోను పెట్టేశాక ఆపరేటరు మూలనున్న పాత డబ్బావైపు చూపించాడు. నెట్ వైరు లేకుండా, మీద చేతిరుమాలు కప్పుకుని కూర్చుని ఉంది. దాని అవసరం ఇక ఎవరికీ లేదు.

"మరి దీన్ని తీసెయ్యమంటారాండీ?"

టీచరుగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగారు.

"నిన్నెవరైనా అడిగారా?"

ఆపరేటరు ఆ రుమాలు తీసి, దులిపి, మళ్ళీ కప్పాడు.